ఉప్పు నీళ్లలో ట్రాన్సిస్టర్: నిమిషంలో జ్వరం కనిపెట్టే చిప్ ఇంకా మన చేతికి ఎందుకు రాలేదు?

ఈ ఎపిసోడ్‌ని 2ఎక్స్ స్పీడ్‌లో పెట్టకండి, మధ్యలో ఒకటి రెండు లెక్కలు ఉన్నాయి.

2020 మార్చి 4. మీలో చాలామంది అప్పుడు స్కూల్లోనో, ఇంటర్లోనో ఉండి ఉంటారు. ఆ రోజు హైటెక్ సిటీ మైండ్‌స్పేస్‌లో 20వ నంబర్ బిల్డింగ్ నుంచి ఉద్యోగులు లాప్‌టాప్‌లు సర్దుకుని బయటికొచ్చేశారు. అందులో పనిచేసే ఒకరికి కరోనా ఉందేమోనని అనుమానం. వాట్సాప్ గ్రూపుల్లో అయితే అనుమానం లేదు, కన్ఫర్మ్! నిర్ధారణ కోసం శాంపిల్‌ని పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి పంపారు. మర్నాడు రిజల్ట్ వచ్చింది. నెగటివ్.

ఇందులో నన్ను ఆపేది ఒకటే. ఆ చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్లలో కోట్ల ట్రాన్సిస్టర్లున్న చిప్‌లు డిజైన్ చేసే ఇంజనీర్లు వేలమంది ఉన్నారు. కానీ ఒక మనిషి ముక్కులో వైరస్ ఉందా లేదా అనే చిన్న ప్రశ్నకి జవాబు పుణె నుంచి రావాల్సి వచ్చింది. అదే ట్రాన్సిస్టర్‌ని ఈ పనికి వాడలేమా? వాడొచ్చు. యాభై ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. మరి మెడికల్ షాపులో ఎందుకు దొరకట్లేదు అనేది ఇవాళ్టి కథ.

ముందు ఇప్పుడున్న టెస్టులు ఏం చేస్తాయో త్వరగా చెప్పేస్తాను. ఆర్‌టీ పీసీఆర్ అనేది జెరాక్స్ మెషీన్ లాంటిది. వైరస్ జన్యువులో ఒక ముక్కని పట్టుకుని రెండు చేస్తుంది, రెండుని నాలుగు, నాలుగుని ఎనిమిది. 30 సార్లు అలా చేస్తే ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలవుతుంది. అప్పుడు కనిపెట్టడం తేలిక. కానీ దానికి వేడి చేసి చల్లార్చే మెషీన్ కావాలి, ల్యాబ్ కావాలి, టైమ్ కావాలి. ఇక రెండోది స్ట్రిప్ టెస్ట్, ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ కిట్ టైపు. పావుగంటలో గీత వస్తుంది. అయితే ఆ గీత మన కంటికి కనబడాలంటే శాంపిల్‌లో వైరస్ ప్రొటీన్ దండిగా ఉండాలి. అంటే ఒకటి చూపు బాగా ఉన్న నిదానస్తుడు, ఇంకొకటి చూపు మందగించిన తొందరగాడు.

ట్రాన్సిస్టర్ సెన్సర్ ఇచ్చే మాట ఏంటంటే, జెరాక్స్‌లూ వద్దు, రంగు గీతలూ వద్దు. వైరస్ ప్రొటీన్ మీద ఉండే ఎలక్ట్రిక్ చార్జ్‌ని నేరుగా చదివేస్తాను, నిమిషంలో.

ఎలా చదువుతుంది? దుర్గం చెరువు తెలుసు కదా. కేబుల్ బ్రిడ్జి సెల్ఫీల చెరువు. ఒకప్పుడు గోల్కొండకి నీళ్లిచ్చిన చెరువు అది. చెరువుకి తూము ఉంటుంది. ఇటు నీళ్లు, అటు కాలువ, మధ్యలో తూము తలుపు. తలుపుని కాస్త పైకి లేపితే చాలు, కాలువలో బోలెడు నీళ్లు పారతాయి. ట్రాన్సిస్టర్ కూడా అంతే. చెరువు వైపుని సోర్స్ అంటాం, కాలువ వైపుని డ్రెయిన్ అంటాం, తలుపుని గేట్ అంటాం. గేట్ మీద చిన్న చార్జ్ మారితే మధ్యలో పారే కరెంట్ బాగా మారుతుంది. యాపిల్ ఏ17 ప్రో చిప్‌లో ఇలాంటి తూములు 1,900 కోట్లు ఉన్నాయి.

ఇప్పుడు ఆ తూము తలుపు పట్టుకుని లేపే చేతిని తీసేయండి. అంటే గేట్ మీద ఉండే లోహపు పొరని తీసేసి, ఆ చోటుని తెరిచి ఉంచండి. అక్కడ డెంగీ ప్రొటీన్‌నో, కరోనా ప్రొటీన్‌నో మాత్రమే పట్టుకునే యాంటీబాడీలని అతికించండి. పైన ఒక చుక్క శాంపిల్ వేయండి. వైరస్ ప్రొటీన్ వచ్చి యాంటీబాడీకి తగులుకుంటే దానితోపాటు దాని చార్జ్ కూడా వచ్చి గేట్ దగ్గర కూర్చుంటుంది. తలుపు కదిలినట్టే. కరెంట్ మారుతుంది. మీరు ఆ మార్పుని కొలుస్తారు. చేయి మనది కాదు, వైరస్‌ది!

ఈ ఆలోచనకి మూలం 1970లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీలో పీట్ బెర్గ్‌వెల్ట్ చేసిన పని. ఆయన గేట్ లోహాన్ని తీసేసి ట్రాన్సిస్టర్‌ని నేరుగా ద్రవంలో ముంచాడు. దాన్ని ఇస్‌ఫెట్ అంటారు. యాసిడ్ ఎంతుందో కొలిచే పీహెచ్ మీటర్లలో అది ఇప్పటికీ పనిచేస్తోంది. తర్వాత అయాన్ టొరెంట్ అనే కంపెనీ లక్షల ఇస్‌ఫెట్లని ఒకే చిప్ మీద పెట్టి డీఎన్ఏ చదివేసింది. 2004లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం సిలికాన్ నానోవైర్‌తో ఫ్లూ వైరస్‌లని ఒక్కొక్కటిగా, అవి వచ్చి అంటుకుని మళ్లీ ఊడిపోవడాన్ని కూడా, కరెంట్‌లో చూసింది. ఒక్క వైరస్ అండీ! పేపర్ చదివిన ఎవరికైనా ఇక ఐదేళ్లలో ఇంటింటికీ వచ్చేస్తుందనే అనిపిస్తుంది.

రాలేదు. ఎందుకంటే ఉప్పు.

నిజంగానే ఉప్పు. మన రక్తంలో సుమారుగా సెలైన్ బాటిల్‌లో ఉన్నంత ఉప్పు ఉంటుంది, లీటరుకి 9 గ్రాముల లెక్క. ఉప్పు నీళ్లలో కరిగితే ప్లస్, మైనస్ అయాన్లుగా విడిపోతుంది. వైరస్ ప్రొటీన్‌కి మైనస్ చార్జ్ ఉందనుకోండి, వెంటనే ప్లస్ అయాన్లు వచ్చి దాని చుట్టూ మూగుతాయి. ప్రీ రిలీజ్ ఈవెంట్‌కి హీరో వచ్చాడనుకోండి. చుట్టూ బౌన్సర్లు, వాళ్ల చుట్టూ ఫ్యాన్స్. మూడో వరసలో ఉన్నవాడికి చేతులూ సెల్‌ఫోన్లూ తప్ప హీరో కనబడడు. ట్రాన్సిస్టర్ పరిస్థితి కూడా ఆ మూడో వరస వాడిదే. చార్జ్ అక్కడే ఉంది, కానీ గుంపు దాన్ని కప్పేసింది.

ఎంత దూరంలో కప్పేస్తుందో లెక్క ఉంది, డిబై లెంగ్త్ అంటారు. మన రక్తం లాంటి ఉప్పదనంలో అది ఒక నానోమీటర్ కూడా ఉండదు, సుమారు 0.7, 0.8. మరి మనం గేట్ మీద అతికించిన యాంటీబాడీ ఎంత పొడుగు? సుమారు 10 నానోమీటర్లు. అంటే వైరస్ ప్రొటీన్ వచ్చి యాంటీబాడీ కొసన కూర్చునేది పదో అంతస్తులో, ట్రాన్సిస్టర్‌కి వినిపించేది గ్రౌండ్ ఫ్లోర్ వరకే. సెన్సర్‌ని ఎంత సున్నితంగా చేసినా, ఎంత మంచి ఫ్యాబ్‌లో చేసినా ఇది మారదు, ఇది నీటి ధర్మం.

అప్పుడు పరిశోధకులు ఏం చేస్తారు? ఉప్పు తగ్గిస్తారు. శాంపిల్‌ని 100 రెట్లు పల్చన చేస్తే ఆ డిబై దూరం 10 రెట్లు పెరుగుతుంది. వర్గమూలం లెక్క, అందుకే 100కి 10. ఇప్పుడు 7, 8 నానోమీటర్లు వచ్చింది, పని జరుగుతుంది. కానీ మీరు వైరస్‌ని కూడా 100 రెట్లు పల్చన చేసేశారు కదా! లేదంటే ముందు రక్తంలో అంటుకోనిచ్చి, తర్వాత కడిగి, పల్చటి ద్రవం పోసి కొలవాలి. అప్పుడు కడగడం ఒక పని, ఆ ద్రవం ఇంకో సీసా. నిమిషం టెస్ట్ కాస్తా చిన్న ల్యాబ్ అవుతుంది. ఇంకో దారి, యాంటీబాడీ బదులు పొట్టివాళ్లని పెట్టడం. ఆప్టామర్లు అని డీఎన్ఏ ముక్కలు ఉంటాయి, లేదా ఒంటె జాతి జంతువుల నుంచి వచ్చే నానోబాడీలు. గ్రాఫీన్ పొరని ముడతలు పడేలా చేసి, ఆ ముడతల లోపల ఉప్పు గుంపు సరిగ్గా పేరుకోకుండా చూసేవాళ్లు కూడా ఉన్నారు. ఈ దారి నాకు అన్నిటికంటే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో శాంపిల్‌ని ముట్టుకోవక్కర్లేదు.

దీనికి ఒక మంచి ఉదాహరణ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. కొరియా శాస్త్రవేత్తలు గ్రాఫీన్ ట్రాన్సిస్టర్ మీద కరోనా స్పైక్ ప్రొటీన్‌ని పట్టే యాంటీబాడీ పెట్టారు. మామూలు ల్యాబ్ బఫర్‌లో, అంటే శుభ్రమైన ఉప్పు ద్రవంలో, మిల్లీలీటర్‌కి 1 ఫెమ్టోగ్రాము ఉన్నా పట్టేసింది. ఒక గ్రాముని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ముక్క అది. అదే సెన్సర్‌ని ముక్కులోంచి తీసిన స్వాబ్‌ని ఉంచే ట్రాన్స్‌పోర్ట్ ద్రవంలో పెట్టారు. అప్పుడు 100 ఫెమ్టోగ్రాములు కావాల్సి వచ్చింది. చిప్ అదే, యాంటీబాడీ అదే, ద్రవం మారితే వందో వంతు చూపు! వాళ్లు రెండు అంకెలూ నిజాయితీగా ఇచ్చారు, రోగుల శాంపిళ్లతో కూడా చూపించారు. అందుకే ఆ పేపర్ అంటే నాకు గౌరవం. న్యూస్‌లో మాత్రం మొదటి అంకె ఎక్కువ తిరిగింది.

ఉప్పు ఒక్కటే కాదు, జిగురు కూడా ఉంది. రక్తం సీరమ్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్ మిల్లీలీటర్‌కి దాదాపు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. మనం వెతికేది 100 ఫెమ్టోగ్రాములు అనుకోండి. భాగిస్తే 40,000 కోట్ల రెట్లు తేడా. అంతమందిలో ఏ కొందరు పొరపాటున గేట్ మీద అంటుకున్నా కరెంట్ మారుతుంది, ట్రాన్సిస్టర్‌కి ఎవరు అంటుకున్నారో తెలీదు. దానికి తెలిసింది చార్జ్ మారిందనే. పైగా నీళ్లలో ఉంచితే చిప్ తనంతట తానే మెల్లగా మారిపోతుంటుంది, డ్రిఫ్ట్ అంటారు. అందుకే పక్కపక్కన రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, ఒకదానికి యాంటీబాడీ ఇచ్చి, ఇంకోదానికి ఇవ్వకుండా, రెండిటి తేడా చూస్తారు. మన ఊళ్లో మే నెల ఎండకి యాంటీబాడీలు పాడవకుండా షాపు దాకా ఎలా చేర్చాలనేది ఇంకో తలనొప్పి.

సరే, మన దగ్గర ఏం జరిగింది? సంగారెడ్డి దగ్గర కంది, ఐఐటీ హైదరాబాద్. గచ్చిబౌలి నుంచి ఓఆర్‌ఆర్ ఎక్కి ముంబై హైవే పట్టుకుంటే వస్తుంది. అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ప్రొఫెసర్ శివ్ గోవింద్ సింగ్ బృందం చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. 2017లో వాళ్లు కార్బన్ నానోట్యూబులు, జింక్ ఆక్సైడ్ కలిపిన సన్నటి నానోపోగులతో మలేరియా ప్రొటీన్‌ని కనిపెట్టే వంగే సెన్సర్ చేశారు. దీన్ని కెమిరెసిస్టర్ అంటారు. ట్రాన్సిస్టర్‌కి చిన్నాన్న కొడుకు అనుకోండి. చెరువూ కాలువా ఉంటాయి, విడిగా తూము తలుపు ఉండదు. ప్రొటీన్ అంటుకుంటే దారి నిరోధకతే మారుతుంది.

మలేరియా అనగానే ఒక చిన్న పక్కదారి. హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్ వైపు వెళ్తే బేగంపేట స్టేషన్ వస్తుంది. ఆ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అసలు పేరులో ఉన్న రొనాల్డ్ రాస్ ఆయనే. దోమని కోసి మైక్రోస్కోప్‌లో చూసిన ఊళ్లోనే ఇప్పుడు నానోపోగులతో వెతుకుతున్నారు.

మళ్లీ కందికి. అదే 2017లో ఆ బృందం డెంగీకి సంబంధించిన డీఎన్ఏ ముక్కని జెప్టోమోలార్ స్థాయిలో కనిపెట్టే సెన్సర్ గురించి పేపర్ వేసింది. ఇది ఎలక్ట్రోడ్ పద్ధతి, ట్రాన్సిస్టర్ కాదు. జెప్టో అంటే డెలివరీ యాప్ కాదు! 1 జెప్టోమోలార్ అంటే లీటరు ద్రవంలో సుమారు 600 అణువులు. ఇలాంటి అంకె ఎవరిదైనా కనబడితే నేను ఒక చిన్న లెక్క వేసుకుంటాను. సెన్సర్ మీద వేసేది ఎంత, 10 మైక్రోలీటర్ల చుక్క అనుకుందాం. లీటరులో 600 ఉంటే ఆ చుక్కలో ఎన్ని? ఒకటి కూడా రాదు, 0.006. అంటే అలాంటి అంచు దగ్గర ఆ చుక్కలో అసలు అణువు ఉందా లేదా అన్నదే అదృష్టం. సెన్సర్ ఎంత గొప్పదైనా, రోగం పట్టుకోవడానికి కావాల్సింది ఆ అంచు కాదు, నిజం రక్తంలో నమ్మకంగా పనిచేయడం.

కోవిడ్ వచ్చినప్పుడు ఆ అనుభవం పనికొచ్చింది. 2021లో ఐఐటీ హైదరాబాద్ కోవిహోమ్ అనే ఎలక్ట్రానిక్ కిట్‌ని ప్రకటించింది. 30 నిమిషాల్లో ఫలితం, ఆర్‌ఎన్‌ఏని విడిగా తీయక్కర్లేదు, సిగ్నల్ చదవడానికి ఏఐ. హబ్సిగూడలోని సీసీఎంబీలో స్వాబ్ శాంపిళ్లతో పరీక్షిస్తే 94.2 శాతం సరిగ్గా వచ్చిందని చెప్పారు. ఇక్కడ గమనించండి, నేను ఈ అంకెకి ఎక్కువ మార్కులు వేస్తాను. ఇందులో జెప్టో లేదు, ఫెమ్టో లేదు, కానీ మనుషుల ముక్కులోంచి తీసిన స్వాబ్ ఉంది, వేరే సంస్థ చూసిన చూపు ఉంది.

కానీ 94 అంటే బాగానే ఉంది కదా అనుకుని ఆఫీస్ గేట్ దగ్గర పెట్టేస్తే ఏమవుతుందో చూద్దాం. ఈ లెక్క నా ఊహే, ఏ కిట్‌దీ కాదు. ఒక టవర్‌లో 1,000 మంది. నిజంగా జబ్బున్నది 10 మందికి. టెస్ట్ జబ్బున్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో 98 శాతానికి లేదని సరిగ్గా చెబుతుంది. అంటే 10లో 9 మంది దొరికారు. మిగతా 990 మందిలో 2 శాతం, దాదాపు 20 మందికి ఉత్త పుణ్యానికి పాజిటివ్. మొత్తం 29 మందిని ఇంటికి పంపారు, అందులో నిజం పేషెంట్లు 9. ఒకరు లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లిపోయారు. అదే టెస్ట్‌ని జ్వరంతో హాస్పిటల్‌కి వచ్చిన 1,000 మందిలో, 300 మందికి నిజంగా జబ్బున్నప్పుడు వాడండి. 270 మంది దొరుకుతారు, తప్పు పాజిటివ్‌లు 14 మాత్రమే. కిట్ మారలేదు, దాన్ని పెట్టిన చోటు మారింది.

అందుకే నా అభిప్రాయం, ట్రాన్సిస్టర్ సెన్సర్ మొదట రావాల్సింది ఆఫీస్ గేట్ దగ్గరకి కాదు, బస్తీ దవాఖానాకి. అదీ డెంగీకి. మాదాపూర్, గచ్చిబౌలి పీజీల్లో ఉండేవాళ్లకి వానాకాలం జ్వరం అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. డెంగీ వైరస్ ఎన్ఎస్1 అనే ప్రొటీన్‌ని రక్తంలోకి వదులుతుంది. జ్వరం మొదటి రోజు నుంచే దొరుకుతుంది, ఐదారు రోజుల తర్వాత తగ్గిపోతుంది. ఐజీఎం యాంటీబాడీలు కనబడేది దాదాపు ఐదో రోజు నుంచి. మూడో రోజున ఐజీఎం టెస్ట్ మాత్రమే చేయించుకుని నెగటివ్ వచ్చిందని ఊరుకుంటే అది టెస్ట్ తప్పు కాదు, తేదీ తప్పు. ఇంకో చిక్కు, డెంగీ రెండోసారి వచ్చినవాళ్లలో ఎన్ఎస్1 తక్కువగా, తక్కువ రోజులు కనబడుతుంది, ఎందుకంటే పాత యాంటీబాడీలు దాన్ని చుట్టేస్తాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా రెండోసారి వచ్చినవాళ్లకే. స్ట్రిప్ మీద గీత మసకగా ఉండేది సరిగ్గా ఆ మనిషికే. తక్కువ ప్రొటీన్‌ని చదవగలిగే సెన్సర్ అవసరం అక్కడ ఉంది. ఆ సెన్సర్ వచ్చేలోపు జ్వరం ఏంటో తేలకుండా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

మీలో వీఎల్ఎస్ఐ చేస్తున్నవాళ్లకి ఒక మాట. రాయదుర్గంలో చిప్ డిజైన్ తెలిసినవాళ్లు ఉన్నారు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ప్రొటీన్లు తెలిసినవాళ్లు ఉన్నారు. ఈ సెన్సర్‌లో కష్టమైన భాగం ఆ రెండూ కలిసే ఒక నానోమీటర్ మందంలో ఉంది. సర్క్యూట్ అద్భుతంగా గీసి, పైన అతికించే పొరని బయాలజీ వాళ్లు చూసుకుంటారులే అని వదిలేస్తే పనవదు.

పోయిన ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు, "అన్నా, ఫోన్‌లోనే అన్ని కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటే దాని మీదే చుక్క వేసి టెస్ట్ చేయొచ్చుగా?" అని. వేయకండి, ఫోన్ పోతుంది. ఫోన్ చిప్‌లోని గేట్లన్నీ లోహపు పొరల కింద, ఆపైన ప్లాస్టిక్ ప్యాకింగ్ కింద సీల్ అయి ఉంటాయి. వాటికి బయటి ద్రవం తగలకూడదనే అంత కష్టపడి చేస్తారు. సెన్సర్ చిప్‌లో గేట్ తెరిచి ఉండాలి, ఒకసారి వాడి పారేయాలి. కాబట్టి అది వేరే చిన్న ముక్కగా వస్తుంది, యూఎస్‌బీ సి పోర్టుకి గుచ్చేలా. ఫోన్ దానికి కరెంట్ ఇస్తుంది, అంకె చూపిస్తుంది, రిపోర్ట్ పంపుతుంది. అలాంటి ముక్క ఏదైనా ఆన్‌లైన్‌లో కనబడితే లింక్ కామెంట్‌లో పెట్టండి. శాంపిల్ రక్తమా, స్వాబా, ఉత్త బఫరా, ఎంతమంది మీద పరీక్షించారు అనేది కలిసి చూద్దాం. ఉంటాను మరి.